ఆ నాలుగు అంగుళాలు

మా అమ్మమ్మ దాన్ని 'బాడీ' అనేది. అమ్మ పేరు పెట్టి పిలవదు, 'లోపలివి' అంటుంది, అదీ గొంతు తగ్గించి. మా తరం వాళ్ళం 'ఇన్నర్స్' అని ఇంగ్లీషు చాటున దాక్కున్నాం. దండెం మీద వాటిని ఆరేసే పద్ధతి మాత్రం మూడు తరాలకీ ఒకటే. ముందు అది, దాని మీద తువ్వాలు. ఎండ తగలాల్సింది దానికి, తగిలేది తువ్వాలుకి. ఈ రోజు ఆ తువ్వాలు కాస్త పక్కకి తీసి మాట్లాడదామనుకుంటున్నాను. మగవాళ్ళు కూడా చదవొచ్చు. మీ ఇంట్లో వాళ్ళకి మంచిదే :-)

పోయినేడాది జూన్‌లో అమ్మ తణుకు నుంచి మా దగ్గరికి లెస్టర్ వచ్చింది. ఒక ఆదివారం ఆవిడ తలకి నూనె రాస్తుంటే భుజాల మీద రెండు పక్కలా వేలు పట్టేంత గాళ్ళు కనపడ్డాయి. నల్లబడి, గట్టిపడి ఉన్నాయి.

"ఇదేంటమ్మా?"

"ఏముందే, ముప్ఫై ఏళ్ళ నుంచీ ఉన్నాయి. నా ఒళ్ళు అలాంటిది. బరువు మోయాలి కదా."

అమ్మ లావు మనిషేమీ కాదు. వీపు సన్నం, ముందు నిండు. నాదీ అదే వాటం. ఆవిడ ఆ మాట ఎంత మామూలుగా అందంటే, తప్పంతా ఒంటిదే అన్నట్టు, బట్టకి అందులో ఏ పాపమూ లేనట్టు. నేను కూడా పాతికేళ్ళు దాటేదాకా సరిగ్గా అలాగే అనుకున్నాను కాబట్టి ఆవిడని ఏమనగలను?

నా కథ చెప్పాలంటే తొమ్మిదో క్లాసుకి వెళ్ళాలి. అప్పటిదాకా స్కూలు ఖోఖో టీములో ఉన్నాను. తొమ్మిదో క్లాసులో మానేశాను. చదువు ఎక్కువైందని అందరికీ చెప్పాను. అసలు కారణం పరిగెత్తలేకపోవడం. ఊళ్ళో ఫ్యాన్సీ షాపు కౌంటరు వెనక ఉండేది మగాయన. అమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, ఆయన వైపు చూడకుండా ఒక నంబరు చెప్పేది. ఆయన నంబరు వినగానే పైనుంచి డబ్బా తీసి, పేపర్లో చుట్టి ఇచ్చేసేవాడు. "34సి లేదండీ, 36బి తీసుకెళ్ళండి, రెండూ ఒకటే" అన్న ఆయన మాట నాకింకా గుర్తు. ఆయన మాటలో సగం నిజం ఉందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అదేమిటో కింద చెప్తాను.

ఎమ్మెస్ చదవడానికి ఇక్కడికి వచ్చి, ఉద్యోగంలో చేరాక ఒక పెద్ద దుకాణంలో మొదటిసారి టేపుతో కొలిపించుకున్నాను. ఆవిడ రొమ్ముల కింద కొలిచింది, 29 అంగుళాలు. మనసులో ఏదో కూడింది. "34సి" అంది. అంటే అమ్మ చూపుతో చెప్పిన నంబరునే ఈవిడ టేపుతో చెప్పింది! మూడేళ్ళు అదే వేసుకున్నాను. సాయంత్రానికి మెడ పట్టేసేది. కంప్యూటరు ముందు కూర్చోవడం వల్లే అనుకుని కుర్చీ మార్చాను, మానిటరు ఎత్తు పెంచాను, ఫిజియో దగ్గరికి వెళ్ళాను. చివరికి ఆఫీసులో పక్క సీటు ఆవిడ పోరు పడలేక ఇంకో షాపుకి వెళ్తే, అక్కడి అమ్మాయి అదే 29 కొలిచి, ఏమీ కూడకుండా "30ఎఫ్" అంది. ఎఫ్ అనగానే నాకు నవ్వాగలేదు. ఎఫ్ అంటే సినిమాల్లో జోకులేసే సైజు కదా! తొడుక్కున్నాక నవ్వు ఆగిపోయింది. భుజాల మీద బరువు లేదు.

ఒకే ఒంటికి, ఒకే టేపుతో, రెండు జవాబులు. తేడా అంతా ఒకావిడ మనసులో కూడిన అంకెలో ఉంది. ఇరవై ఏళ్ళ నాటి ప్రోగ్రాములు విప్పి బాగుచేసే పని నాది. ఎవరో ఎప్పుడో ఒక అంకె నేరుగా కోడ్‌లో రాసేసి, ఎందుకు రాశారో ఒక్క ముక్క చెప్పకుండా వెళ్ళిపోతారు. తర్వాత వచ్చిన వాళ్ళందరూ దాన్ని ముట్టుకోవడానికి భయపడతారు. ఆ కూడిక చూడగానే నాకు అదే వాసన వచ్చింది. అది ఎక్కడిదో వెతకడం మొదలుపెట్టాను.

వెతుకులాటకి ఎంతో దూరం వెళ్ళక్కర్లేకపోయింది. లెస్టర్ నుంచి రైల్లో పావుగంట దూరంలో మార్కెట్ హార్‌బరో అనే చిన్న ఊరుంది. ఊరి నడుమ పెద్ద ఎర్ర ఇటుకల భవనం, పేరు సిమింగ్టన్ బిల్డింగ్. ఒకప్పుడు అది కార్సెట్ల ఫ్యాక్టరీ. ఇప్పుడు అందులోనే లైబ్రరీ, మ్యూజియం ఉన్నాయి. అమ్మ వచ్చినప్పుడు ఆవిడనీ తీసుకెళ్ళాను. కోటలు చూపిస్తానని చెప్పి ఇక్కడికి తీసుకొచ్చావేమే అంది.

సిమింగ్టన్ కంపెనీ 1908లో 'లిబర్టీ బాడిస్' అని ఒకటి తెచ్చింది. పిల్లలకి కూడా గట్టి కార్సెట్లు బిగించే రోజుల్లో, మెత్తటి అల్లిక బట్టకి నూలు పట్టీలు కుట్టి చేసిన చేతుల్లేని జాకెట్టు అది. ఎముకల్లాంటి పుల్లలు లేవు, ఊపిరాడుతుంది. అందుకే ఆ పేరు. బ్రిటన్‌లో కొన్ని తరాల పిల్లలు అదే తొడుక్కుని పెరిగారు. బాడిస్ అన్న మాట కూడా సరదాగా ఉంటుంది. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషు వాళ్ళు నడుము పైభాగానికి బిగించి వేసుకునే తొడుగుని 'ఒక జత బాడీలు' అనేవాళ్ళు. అదే నలిగి నలిగి బాడిస్ అయింది. ఈ సంగతి చెప్పగానే అమ్మ ఠక్కున, "అమ్మమ్మ బాడీ అనేది అందుకేనన్నమాట!" అంది. అమ్మమ్మ బాడీ కూడా దుకాణంలో కొన్నది కాదు. తెల్ల నూలు గుడ్డతో టైలరు కుట్టింది, ఆవిడ ఒంటికి తగ్గట్టు. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

సరే, బ్రా ఎప్పుడు పుట్టింది? ఒక్క పుట్టినరోజు లేదు దీనికి. ఆస్ట్రియాలోని లెంగ్‌బర్గ్ కోటని బాగుచేస్తుంటే 2008లో నేల కింద పాత గుడ్డల పోగు దొరికింది. ఇన్స్‌బ్రుక్ యూనివర్సిటీ వాళ్ళు పరిశీలిస్తే, అందులో రెండు వేరువేరు గిన్నెల్లా కుట్టిన నారబట్ట తొడుగులు ఉన్నాయి. 15వ శతాబ్దానివి! అంటే ఒక్కో పక్కని విడిగా పట్టి ఉంచాలన్న ఆలోచన ఆరు వందల ఏళ్ళ కిందటే ఎవరో కుట్టుపని తెలిసిన ఆడవాళ్ళకి వచ్చింది. తర్వాత కార్సెట్లు వచ్చి, మొత్తాన్నీ కింద నుంచి పైకి తోసేశాయి, ఆ ఆలోచన మరుగున పడింది. 1889లో పారిస్ ప్రదర్శనలో ఎర్మినీ కడోల్ అనే ఆవిడ కార్సెట్‌ని రెండుగా కోసి, పై ముక్కని భుజాల మీద పట్టీలతో నిలబెట్టి చూపించింది. 1893లో అమెరికాలో మేరీ ట్యూసెక్ అనే ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, రొమ్ముల కింద గట్టి పలక, భుజాలకి పట్టీలు ఉన్న 'రొమ్ము ఆధారం' మీద పేటెంటు తీసుకుంది. ఇవాళ్టి వైరు బ్రాకి అది ముత్తవ్వ.

కానీ చరిత్రలో పేరు కొట్టేసింది మాత్రం మేరీ ఫెల్ప్స్ జేకబ్. 1910లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, న్యూయార్క్‌లో ఒక నాట్య విందుకి తయారవుతుంటే కార్సెట్ పుల్లలు గౌను మీంచి పొడుచుకొచ్చాయట. పనమ్మాయి సాయంతో రెండు పట్టు రుమాళ్ళు, ఒక గులాబీరంగు రిబ్బను కలిపి కుట్టేసుకుంది. 1914 నవంబరులో పేటెంటు వచ్చింది. తర్వాత దాన్ని వార్నర్ బ్రదర్స్ అనే కార్సెట్ కంపెనీకి 1500 డాలర్లకి అమ్మేసింది. ఇది అందరికీ తెలిసిన కథే. రెండు రుమాళ్ళు ఎవరికి సరిపోతాయి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ డిజైనులో గిన్నె లేదు. సన్నగా ఉన్నవాళ్ళని ఇంకాస్త చదును చేస్తుంది, అంతే. నాలాంటిదానికి దానితో ఏ ఉపయోగమూ లేదు.

1920లలో ఆ చదునే ఫ్యాషన్ అయింది. ఆడపిల్లలు మగపిల్లల్లా కనపడాలి. అప్పుడు న్యూయార్క్‌లో ఒక గౌన్ల దుకాణం నడుపుతున్న ఈనిడ్ బిసెట్, రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన కుట్టుపని మనిషి ఐడా రోజెంతాల్, ఆవిడ భర్త విలియం కలిసి ఒక మామూలు సంగతి గమనించారు. చదును పట్టీ కట్టుకుని వేసుకుంటే తాము కుట్టిన గౌన్లు ఒంటి మీద నప్పడం లేదు. అందుకని గౌను లోపలే రెండు గిన్నెలు కుట్టి ఇచ్చారు. కొనేవాళ్ళు గౌను కన్నా ఆ లోపలి ముక్కే కావాలని తిరిగొచ్చారు. 1922లో అలా మొదలైందే మెయిడెన్‌ఫామ్ కంపెనీ. గౌనుకి ఒళ్ళు సరిపోవాలనే కాలంలో, ఒంటికి బట్ట సరిపోవాలని కాస్త ఆలోచించిన వాళ్ళు వీళ్ళు.

ఇక అక్షరాల సంగతి. 1932లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రం జాక్సన్ ఊళ్ళో ఎస్.హెచ్. క్యాంప్ అనే కంపెనీ, ఏ, బీ, సీ, డీ అని నాలుగు అక్షరాలు పెట్టింది. వాళ్ళు వైద్యానికి పనికొచ్చే నడికట్లు, బెల్టులు చేసేవాళ్ళు. మొదట్లో ఆ అక్షరాలు పరిమాణంతో పాటు రొమ్ము ఎంత కిందికి వాలిందో కూడా చెప్పేవి. 1930ల చివరికల్లా వార్నర్స్ కంపెనీ కూడా అదే దారి పట్టింది. చుట్టుకొలతకి ఒక నంబరు, గిన్నెకి ఒక అక్షరం. బ్రిటన్ ఈ పద్ధతికి వచ్చేసరికి 1950లు అయింది.

నాలుగు అక్షరాలతో ఆపేశారు చూశారా, అసలు మెలిక అక్కడుంది. నాలుగే అక్షరాలు ఉంటే, డీ అంటే 'చివర' అని లోకం నమ్మేసింది. డీ అంటే పెద్దది, డీ తర్వాత ఉన్నదంతా అతి. నిజానికి అక్షరానికి సొంతంగా ఏ పరిమాణమూ లేదు. అది తేడా మాత్రమే. రొమ్ముల మీద చుట్టుకొలతలోంచి పట్టీ కొలత తీసేస్తే ఒక అంగుళం మిగిలితే ఏ, రెండు బీ, మూడు సీ, నాలుగు డీ. పట్టీ మారితే అదే అక్షరం గిన్నె మారిపోతుంది. 30డీ, 32సీ, 34బీ, 36ఏ, ఈ నాలుగింటి గిన్నె ఒకటే. 30డీ అమ్మాయిని చూసి అమ్మో డీ అనేవాళ్ళు, 34బీ అమ్మాయిని చూసి ఏమీ అనరు. మా ఊరి షాపాయన 34సి, 36బి ఒకటే అన్నది గిన్నె వరకూ నూటికి నూరుపాళ్ళు నిజం. పట్టీ రెండంగుళాలు వదులైందన్నది మాత్రం ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు ఆ కూడిక. పాత కొలత పద్ధతి ప్రకారం, రొమ్ముల కింద ఎంత వస్తే దానికి నాలుగు కలపాలి, బేసి సంఖ్య అయితే అయిదు. వచ్చింది పట్టీ నంబరు. నా లెక్క చూడండి. కింద 29, మీద 37. అయిదు కలిపితే పట్టీ 34. 37లోంచి 34 తీస్తే మూడు, అంటే సీ. 34సి. కలపకుండా చేస్తే, 29కి దగ్గరి సరిసంఖ్య 30. 37లోంచి 30 తీస్తే ఏడు. బ్రిటన్ వరసలో డీ తర్వాత డీడీ, ఈ, ఎఫ్, అంటే ఏడుకి ఎఫ్. 30ఎఫ్. అదే పాత లెక్కలో కింద 30, మీద 36 ఉన్న అమ్మాయి 34బీ అవుతుంది. ప్రపంచంలో సగం మంది 34బీ ఎందుకయ్యారా అని మీకెప్పుడైనా అనిపిస్తే, ఈ కూడిక వైపు చూడండి.

మొదట్లో ఆ కూడికకి ఒక అర్థం ఉండేది. అప్పటి పట్టీలు నూలువి, శాటిన్‌వి. సాగవు. సరిగ్గా కొలతకి కుడితే ఊపిరి తీయలేరు, వంగలేరు. అందుకని కొంచెం వదులు. కానీ 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త బాగా సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చే దారాన్ని తయారుచేశాడు. అదే లైక్రా. తర్వాతి కొన్నేళ్ళలో లోబట్టలన్నీ దానితోనే వచ్చాయి. పట్టీ తనంతట తనే నాలుగైదు అంగుళాలు సాగుతోంది. అయినా టేపు పట్టుకున్నవాళ్ళు ఆ నాలుగూ కలుపుతూనే ఉన్నారు. బట్ట మారింది, సూత్రం మారలేదు. నా ఉద్యోగంలో దీన్నే లెగసీ కోడ్ అంటాం.

దీనివల్ల అందరికీ ఒకేలా నష్టం జరగదు. వీపు వెడల్పుగా ఉండి, ముందు తక్కువున్న వాళ్ళకి ఎలాగోలా సర్దుకుపోతుంది. వీపు సన్నంగా, ముందు నిండుగా ఉన్నవాళ్ళని నిలువునా ముంచుతుంది. ఎందుకంటే బ్రాలో బరువు మోయాల్సింది భుజం పట్టీ కాదు, చుట్టూ ఉన్న పట్టీ. అది వదులైతే వెనక పైకి జరుగుతుంది, ముందు కిందికి జారుతుంది, బరువంతా భుజాల మీద పడుతుంది. గిన్నె కూడా చాలదు. నా 34సి గిన్నె 30డీడీకి సమానం, అంటే నాకు కావాల్సిన దానికన్నా రెండు మెట్లు చిన్నది. వదులూ ఇరుకూ ఒకేసారి! అమ్మ భుజాల మీద గాళ్ళు అలా పడ్డవే.

అసలు ఈ సైజుల పట్టికలు ఎవరిని కొలిచి రాశారని కూడా చూశాను. 1926లో ఆస్ట్రేలియాలో బెర్లీ కంపెనీ సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళతో కలిసి వేలమంది ఆడవాళ్ళని కొలిపించి, ఒంటి తీరులని ఐదు రకాలుగా విడదీసింది. ఆ కాలానికి అది గొప్ప పనే. 1939-40లలో అమెరికా వ్యవసాయ శాఖ రెడీమేడ్ బట్టల కోసం దాదాపు పదిహేను వేలమంది ఆడవాళ్ళని, మనిషికి 59 చోట్ల కొలిచింది. అది బ్రాల కోసం కాదు కానీ ఆడవాళ్ళ రెడీమేడ్ కొలతలకి పునాదుల్లో ఒకటి. అందులో తెల్లవాళ్ళు కాని వాళ్ళని కొలవాల్సి వస్తే, వాళ్ళు నొచ్చుకోకుండా కొలిచినట్టు కొలిచి, తర్వాత ఆ కాగితాలు పక్కన పడేయమని ముందే ఆదేశం ఉంది. ఇది చదివిన రోజు చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను. 'మామూలు' అనే పట్టికలో మనం లేకపోవడం కాకతాళీయం కాదు.

మరి ఎఫ్‌లూ జీలూ ఎక్కణ్ణించి వచ్చాయి? నిండు గిన్నెల సంగతిలో బ్రిటన్‌ని మెచ్చుకోవాలి. ఇక్కడి కంపెనీలు కొన్ని డీ దగ్గర ఆగకుండా డీడీ, ఈ, ఎఫ్, ఎఫ్ఎఫ్, జీ, జీజీ అంటూ అంగుళానికి ఒక మెట్టు చొప్పున వెళ్ళాయి. షెఫీల్డ్‌లో పనాష్, మా మార్కెట్ హార్‌బరోకి దగ్గర్లోనే నార్తాంప్టన్‌షైర్‌లో ఫాంటసీ, ఫ్రెయా లాంటి పేర్లు. కార్సెట్ల పనితనం ఉన్న నేలలోంచే ఇవీ మొలిచాయి. పెద్ద గిన్నె కుట్టడం చిన్న గిన్నెని పెద్దది చేసినంత తేలిక కాదు మరి. మూడు నాలుగు ముక్కలు అతికి ఆకారం తేవాలి, పక్కన ఊతం ఇవ్వాలి, వైరు వంపు మార్చాలి, పట్టీ బిగువు పెంచాలి. మొత్తం బ్రాలో పాతిక ముప్ఫై ముక్కలుంటాయి.

కుట్టేవాళ్ళున్నా అమ్మేవాళ్ళు తక్కువ. 1990లలో సారా ట్రెమెలెన్ అనే ఆవిడ గర్భంతో ఉన్నప్పుడు సైజు పెరిగి, దుకాణాలన్నీ తిరిగి, ఎక్కడికెళ్ళినా లేదనిపించుకుంది. ఒక స్నేహితురాలితో కలిసి 1995లో బ్రావిస్సిమో పెట్టింది. డీ, ఆపైన సైజుల వాళ్ళకి మాత్రమే, మొదట్లో పోస్టులో పంపేవాళ్ళు. మొదలుపెట్టిన కారణం ఫ్యాషన్ కాదు, విసుగు. నాకు ఈ చరిత్రలో నచ్చిన సంగతి అదే. స్పోర్ట్స్ బ్రా కథ కూడా అంతే. 1977లో అమెరికాలో వెర్మాంట్‌లో పరుగు అలవాటున్న లీసా లిండాల్, నాటకాలకి బట్టలు కుట్టే పాలీ స్మిత్, హిండా మిల్లర్ కలిసి, మగవాళ్ళు ఆటల్లో కట్టుకునే కట్లు రెండింటిని జతచేసి కుట్టి మొదటి నమూనా చేశారు. మా స్కూల్లో నేను ఖోఖో మానేసేనాటికే ఆ వస్తువు పుట్టి పాతికేళ్ళు. తణుకు దాకా రాలేదు.

దొరకడం మొదలయ్యాక ధర గొడవ వచ్చింది. ఇక్కడ 1926 నుంచీ బ్రాలు అమ్ముతున్న మార్క్స్ అండ్ స్పెన్సర్, డీడీ దాటితే రెండు పౌండ్ల దాకా ఎక్కువ వసూలు చేసేది. బట్ట ఎక్కువ, పని ఎక్కువ అని కారణం. పెద్ద సైజు గౌనుకి మాత్రం ఎక్కువ తీసుకునేవాళ్ళు కాదు! బెకీ విలియమ్స్ అనే ఆవిడ ఫేస్‌బుక్‌లో ఉద్యమం మొదలుపెట్టి, వేలమందిని పోగుచేసి, వాటాదారుల సమావేశంలో నిలదీయడానికి కంపెనీలో ఒకే ఒక్క షేరు కొనుక్కుంది. 2009 మేలో కంపెనీ దిగొచ్చింది. అదనపు ధర తీసేసి, తప్పయిందని పత్రికల్లో ప్రకటన కూడా వేసింది. విషయం రెండు పౌండ్లది కాదు. 'నీ ఒళ్ళు అదనం' అన్న మాటది.

చివరికి ఆ పాత కూడిక మీద కూడా చదువుకున్నవాళ్ళ కన్ను పడింది. 2012లో పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ పరిశోధకులు 45 మంది ఆడవాళ్ళ మీద పాత టేపు పద్ధతినీ, తొడిగి చూసి నిర్ణయించే పద్ధతినీ పోల్చారు. టేపు పద్ధతి 76 శాతం మందికి పట్టీ ఎక్కువ చెప్పింది, 84 శాతం మందికి గిన్నె తక్కువ చెప్పింది. నాకు జరిగింది అదే, అమ్మకి జరిగింది అదే.

ఇంత చదివిన వాళ్ళని ఉత్త చేతులతో పంపకూడదు కదా. ఊపిరి వదిలి, రొమ్ముల కింద టేపు గట్టిగా పట్టి కొలవండి. దానికి దగ్గరి సరిసంఖ్యే మీ పట్టీ, ఏమీ కలపొద్దు. కాస్త ముందుకి వంగి నిండు భాగం మీద వదులుగా కొలవండి. తేడా ఎన్ని అంగుళాలో అన్నో అక్షరం. ఇది మొదలు మాత్రమే, తీర్పు తొడుక్కున్నాకే. పట్టీ వెనక నేలకి సమాంతరంగా ఉండాలి, రెండు వేళ్ళ కన్నా ఎక్కువ దూరకూడదు. కొత్తది చివరి కొక్కేనికి సరిపోవాలి, సాగేకొద్దీ లోపలి కొక్కేలకి వెళ్ళొచ్చు. నడిమి భాగం ఎముకకి ఆనాలి. వైరు రొమ్ము చుట్టూ ఉండాలి కానీ దాని మీద ఎక్కకూడదు. పట్టీ బిగువా వదులా అని అనుమానం వస్తే, గిన్నెలు వీపు వైపుకి వచ్చేలా తిప్పి తొడుక్కోండి. అప్పుడు సుఖంగా ఉంటే పట్టీ సరైనదే, చిన్నది గిన్నె.

ఇంతకీ అమ్మ సంగతి. మ్యూజియం నుంచి వచ్చిన మర్నాడు ఆవిడని షాపుకి తీసుకెళ్ళాను. "ఎవరో పిల్ల ముందు విప్పుకోవాలా, నేను రాను" అంది. వచ్చింది. కొలిచే అమ్మాయి గుజరాతీ పిల్ల, "ఆంటీ" అని పిలిచి, అమ్మ జాకెట్టు మీంచే టేపు చుట్టింది. ఆవిడ నంబరు ఇక్కడ రాయను, రాస్తే తంతుంది. నాలుగు తొడిగి చూశాక, అయిదోది వేసుకుని అద్దం ముందు నిలబడింది. భుజాలు ఎత్తింది, దించింది. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, "పట్టీ ఏదీ, తెలియడం లేదే?" అంది.

బస్సులో ఇంటికొస్తూ అమ్మ ఒక మాట అడిగింది. "జాకెట్టు కుట్టడానికి ఆది జాకెట్టు ఇచ్చి, చంక దగ్గర పావంగుళం అటూ ఇటూ అయితే టైలరుతో పోట్లాడతాను కదే. నలభై ఏళ్ళూ దీనికెందుకు ఊరుకున్నాను?"

నా దగ్గర చరిత్ర ఉంది కానీ ఆ ప్రశ్నకి జవాబు లేదు. జాకెట్టు నలుగురికీ కనపడుతుంది. ఇది కనపడదు. కనపడని చోట బాధ పడితే, మనదే తప్పని ఊరుకోవడం మనకి అలవాటు. అమ్మమ్మ బాడీ టైలరు కుట్టినది కాబట్టి ఆవిడకి ఒక కొలత ఉంది. అమ్మ తరానికి డబ్బా మీద నంబరొచ్చింది, కొలత పోయింది.

అమ్మ తణుకు తిరిగి వెళ్ళి నాలుగు నెలలైంది. మొన్న ఫోన్ చేస్తే, "పిన్నికి కూడా కొలిచాను. అక్షరం చెప్తే నమ్మడం లేదు. నువ్వు చెప్పు" అని ఫోను పిన్నికిచ్చేసింది. గాళ్ళు పోయాయా అని అడిగాను. లేదట. ముప్ఫై ఏళ్ళవి కదా, పోకపోవచ్చు కూడా. ఒత్తితే నొప్పి మాత్రం లేదంది.